గీతల్లేని బొటనవేలు

మనుబోలు హైవే పక్కన టీ బంకు. పొద్దున ఎనిమిదిన్నర. కిషోర్ బాబు సగం తాగిన టీ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది. కిషోర్ బాబు మాత్రం రోడ్డు మీద, తెల్ల దుప్పటి కింద ఉన్నాడు. గుద్దిన లారీకి నంబర్ ప్లేట్ లేదు.

మాలకొండయ్య దుప్పటి ఎత్తి చూశాడు. నిఘా విభాగంలో పదకొండేళ్ళ పార్ట్‌నర్. ఏడుపు రావాలి, రాలేదు. కోపమైనా రావాలి, అదీ లేదు. ఎవరో లోపల మత్తు ఇంజెక్షన్ పొడిచి మర్చిపోయినట్టుంది.

ఫోన్ మీద వేలు పెట్టాడు. ఎప్పట్లాగే తెరుచుకోలేదు. పిన్ కొట్టాడు. ఏడూ ఇరవై రెండుకి కిషోర్ నుంచి ఆఖరి మెసేజ్. ఒక్క అక్షరం లేదు. బొటనవేలు బొమ్మ, అంతే.

ఓకే అన్నాడా? దేనికి?

"టీలో ఉప్పు ఎక్కువైనట్టుంది," అంది వెనక నుంచి ఒక గొంతు.

"సముద్రం దగ్గర కదా మేడమ్."

కోడ్ కలిసింది. చీఫ్ వాణి కారు డోరు తీసింది. బ్రీఫింగ్ బండి కదులుతుండగానే మొదలైంది.

"పదకొండింటికి దిగువపాళెం బీచ్‌లో కామాక్షయ్య విగ్రహం ఓపెనింగ్. ఆయనెవరో తెలుసుగా?"

"మా తీరంలో తెలియనోళ్ళు యాడుండారు మేడమ్. పదేళ్ళ వయసు నుంచి ఉప్పు మడుల్లో పని చేసినాడు. పంతొమ్మిది వందల ముప్ఫైలో ఉప్పు సత్యాగ్రహమప్పుడు తెల్లోళ్ళ లాఠీలు తిని జైలుకి పోయినాడు."

"అదే రోజు ఎగువపాళెంలో దాక్కున్న తొమ్మిదిమందిని పోలీసులు పట్టుకుని కొట్టారు. ఇద్దరు పోయారు. వాళ్ళని ఎవరు పట్టించారో తొంభై ఏళ్ళు దాటినా తేలలేదు. ఇప్పుడొక ఫారిన్ ముఠా దిగువపాళెం కామాక్షయ్యే పట్టించాడని కన్ఫెషన్ సృష్టించింది. ఆనాటి కాగితం, ఆనాటి సీలు, కింద వేలిముద్ర. ల్యాబ్ కూడా ఫేక్ అని తేల్చలేకపోయింది. విగ్రహం ముసుగు తియ్యగానే అది ఎల్ఈడీ స్క్రీన్ మీద పడుతుంది. రెండు పాళేల జనమూ అక్కడే ఉంటారు."

"కొట్టుకుని చస్తారు. వీళ్ళకేంది లాభం?"

"తీరం తగలబడితే జనాన్ని ఖాళీ చేయించి భూములు కొట్టెయ్యడం ఈజీ. ఇంకో రెండు దేశాల్లో ఇదే మోడల్ నడిపారు. అది ఫేక్ అనడానికి ప్రూఫ్ దొరికిందని కిషోర్ నిన్న ఫోన్ చేశాడు. నేరుగా చెప్తానన్నాడు. ముఠాలో మన ఏజెంట్ ఉంది, అబిగయీలు. ఈవెంట్ మేనేజర్ వేషం. స్క్రీన్ ఆమె చేతిలోనే, ఆపాల్సింది ఆమే."

"మాది ఎగువపాళెం మేడమ్. మా అమ్మ ముందు వరసలో కూర్చోనుంటాది."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

పదీ యాభైకి మాలకొండయ్య మైక్ సెట్ మనిషి అయిపోయాడు. గళ్ళ లుంగీ, మెడలో కేబుల్ చుట్ట, చెవిలో ఇయర్‌పీస్. జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరసలో అమ్మ వెంకటశేషమ్మ కొంగుతో విసురుకుంటోంది.

అబిగయీలు వచ్చింది. మెరూన్ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఎండకి కూడా చెదరని లిప్‌స్టిక్. ఫోటోగ్రాఫర్లు విగ్రహాన్ని వదిలేసి ఆమెనే తీస్తున్నారు.

"అన్నా, టీలో ఉప్పు ఎక్కువైంది."

"సముద్రం దగ్గర కదా."

"కిషోర్ సంగతి విన్నాను. పాపం, టీ కూడా పూర్తిగా తాగలేదు."

మాలకొండయ్య ఆమె వైపు చూశాడు. సగం మిగిలిన ఆ గ్లాసు చూసింది తనూ, చీఫూ, బంకు వాడూ. ఇంకెవరైనా చూశారంటే, చంపడానికి వచ్చినవాళ్ళే. దానికి కూడా లోపల ఏమీ కదల్లేదు.

"లారీ నీదేనా అక్కా?"

పవిట చాటు నుంచి పిస్టల్ అతని డొక్కకి ఆనింది. "తెలివైనోడివే. కదిలావంటే ముందు మీ అమ్మ." రెండో చేతిలో ట్యాబ్ ఉంది. టైమర్ నలభై సెకన్లు. దాని పైన కన్ఫెషన్. పసుపెక్కిన కాగితం, దొర సంతకం, కింద నల్లటి బొటనవేలు. దాని గీతలు నీళ్ళలో అలల్లా సన్నగా, స్పష్టంగా తిరిగున్నాయి.

మాలకొండయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళొచ్చేదాకా అమ్మతోపాటు ఉప్పు గోకిన వేలు. గోలీలాగా నున్నగా ఉంది. దాన్ని ఆఫీసు అటెండెన్స్ మిషన్ పదకొండేళ్ళుగా ఒక్కసారీ తీసుకోలేదు. కిషోర్ రోజూ నవ్వేవాడు.

ఆ మెసేజ్ ఓకే కాదు, ప్రూఫ్.

"వెయ్యి," అన్నాడు.

"ఏంటి?"

"స్క్రీన్ మీద వెయ్యి. పెద్దదిగా."

పదకొండు. ముసుగు జారింది. స్క్రీన్ వెలిగింది. చదువుకున్నోళ్ళు చదివారు, చదువు రానోళ్ళు విన్నారు. జనం గుప్పున లేచారు. అబిగయీలు ఆ తోపులాటలో గేటు వైపు జారుకుంది. "గేటు, మెరూన్ చీర," అని ఇయర్‌పీస్‌లో చీఫ్‌కి చెప్పి మైకు అందుకున్నాడు.

అప్పటికే ఎగువపాళెం పద్మనాభయ్య పడవ తెడ్డు పైకెత్తాడు. దాని కింద కామాక్షయ్య మనవడు ముత్యాలయ్య తల ఉంది.

"పద్మనాభన్నా, కొడితే కొట్టు. ముందు నీ బొటనవేలు చూపించు."

తెడ్డు గాల్లో ఆగింది. "ఏందబ్బా ఎగతాళి?"

"రేషన్ మిషన్ నీ వేలు ఎన్నిసార్లు తీసుకునింది?"

"ఎప్పుడు తీసుకునింది గనక. గీతలన్నీ ఉప్పు తినేసినాక ఇంకేం తీసుకుంటాది? తెలిసే అడగతావా."

"మరి పదేళ్ళప్పటి నుంచి ఉప్పు గోకిన కామాక్షయ్యకి ఆ గీతలు యాడినించి వచ్చినాయి?"

అందరూ స్క్రీన్ వైపు తిరిగారు. పెద్ద పళ్ళెమంత వేలిముద్ర. తర్వాత ఒక్కొక్కరూ తమ చేతులు చూసుకున్నారు. రెండు పాళేల చేతులూ ఒకేలా, నున్నగా ఉన్నాయి.

వెంకటశేషమ్మ కళ్ళు చికిలించి చూసింది. "అది మడిలో పెరిగిన వేలు కాదు నాయనా. వాసన సబ్బుతో పెరిగిన వేలు."

ఎవరో ఫక్కున నవ్వారు. తెడ్డు మెల్లగా దిగింది. దాని రెండో కొస ముత్యాలయ్య పట్టుకుని, పక్కన ఇసకలో గుచ్చాడు.

అబిగయీలు గేటు దగ్గరే దొరికింది. మధ్యాహ్నం ఆమె పది వేళ్ళకీ ఇంకు పూశారు. కన్ఫెషన్ మీది బొటనవేలు ఆమెదే. ముఠా మొత్తంలో పక్కాగా దొరికిన సాక్ష్యం అదొక్కటే.

సాయంత్రం మాలకొండయ్య మనుబోలు బంకులో వేడి టీ గ్లాసు పట్టుకున్నాడు. కాలుతోందని వేళ్ళకి తెలియలేదు. ఫోన్ తీసి కిషోర్ నంబర్‌కి ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. ఒక్క టిక్కే పడింది. రెండోదాని కోసం టీ చల్లారేదాకా చూశాడు.

ఆ తర్వాత ఆఫీసుకెళ్ళి మిషన్ మీద వేలు పెట్టాడు. తీరాన్ని కాపాడిన ఆ రోజు, రికార్డులో మాలకొండయ్య ఆబ్సెంట్.