అరవై వేల కిలోమీటర్లు లేదా ఐదేళ్ళు

"సెల్ఫ్ కొట్టొద్దండీ! మీకు దణ్ణం పెడతా, ఇంకొక్కసారి కూడా కొట్టొద్దు!"

చేతిలో స్పానరుతోనే వానలోకి పరిగెత్తాడు కిరీటి. చెరకు ట్రాక్టరు వెనక తాడు కట్టి లాక్కొచ్చిన పాత తెల్ల కారొకటి ఆటోనగర్‌లో అతని షెడ్డు ముందు ఆగింది. స్టీరింగు దగ్గరున్న పెద్దాయన ఆశ చావక ఇంకా తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఇంజను ఎక్కడా పట్టు లేకుండా ఖాళీగా గిర్రున తిరుగుతోంది. కిరీటికి ఆ చప్పుడు చాలు. టైమింగ్ బెల్టు తెగింది. తెగాక ఇలా తిప్పేకొద్దీ పిస్టన్లు వెళ్ళి వాల్వుల్ని కొడతాయి.

"మా కారు మా ఇష్టం. కాస్త మెల్లగా చెప్పలేరా?"

వెనక సీటులోంచి ముందు గొడుగు దిగింది. దాని కింద శాలిని దిగింది. పట్టుచీర, జడలో మల్లెలు.

కిరీటి స్పానరు కిందికి దించాడు. ఆరేళ్ళయింది ఆ గొంతు విని.

"బాగున్నారా?" అన్నాడు.

"నేను బాగానే ఉన్నా. కారే, పెనమలూరు దగ్గర టప్పుమని ఆగిపోయింది."

ఆమె తండ్రి వెంకటకృష్ణారావు తల తుడుచుకుంటూ దిగాడు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. "కొండపల్లి వెళ్తున్నామయ్యా. అమ్మాయికి పెళ్ళిచూపులు. అబ్బాయికి సెలవు దొరకలేదంటే మేమే బయల్దేరాం. మా ఆవిడ జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. చూడు, మంచి వేళ కాస్తా ఇలా తగలడింది."

"ఆటో పిలవనాండీ?" అన్నాడు కిరీటి. అనగానే తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది.

"వద్దొద్దు. ఈ కారులో వెళ్ళిన పని ఏదీ చెడలేదు నాకు. నువ్వు బాగుచెయ్యి, అప్పుడే వెళ్తాం."

అలా ఆ పెళ్ళిచూపుల ముహూర్తం కిరీటి చేతిలో పడింది. కారు ఎంత తొందరగా బాగుచేస్తే ఆమె అంత తొందరగా కొండపల్లి వెళ్ళిపోతుంది. చెయ్యకపోతే తన పనితనానికి మాటొస్తుంది. ఏం చేస్తాడండీ, ఎటు తిరిగినా దెబ్బే.

బానెట్ ఎత్తాడు. లోపల తన చేతిరాతతో తెల్ల స్టిక్కరు మాసిపోయి కనిపించింది. బెల్టు మార్చినప్పుడల్లా తారీకు, మీటరు అంకె, మళ్ళీ ఎప్పుడు మార్చాలో రాసి అంటించడం షెడ్డులో పెద్ద మేస్త్రీ రహమతుల్లా నేర్పిన పద్ధతి. "మార్చింది 1,02,000. మళ్ళీ 1,62,000 కి.మీ. లేదా 5 ఏళ్ళు."

అది రాసిన సాయంత్రం అతనికి నిన్నటిలా గుర్తుంది. అప్పుడూ ఇలాంటి వానే. కాలేజీ చివరి సంవత్సరంలో ఉన్న శాలిని, తండ్రి టీకి వెళ్తే, టార్చి పట్టుకుని పక్కన నిలబడింది. అంతకుముందు ఏడాదిగా కారుకి చిన్న గీత పడినా తండ్రి వెంట తనే వచ్చేది. ఆ చివరి రోజు బోల్టు బిగిస్తూ కిరీటి మూడుసార్లు ఏదో చెప్పబోయి మానేశాడు.

"ఏంటండీ, గొంతులో ఏమైనా అడ్డం పడిందా?"

"చెప్పాల్సింది ఒకటుందండీ. మళ్ళీ బెల్టు మార్చినప్పుడు చెప్తా."

పిరికివాళ్ళకి వాయిదా అంటే ఎంత ఇష్టమో! శాలిని పకపకా నవ్వి స్టిక్కరు చదివింది. "అయితే ఈసారి బెల్టుకి కూడా నేనే వస్తా. మీరే గుర్తుంచుకోండి" అంది. నెల తిరక్కుండా విశాఖలో బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది.

అతను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. మర్చిపోదామని చూసినా కుదరలేదు.

తెగిన బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. పళ్ళు ఊడి, రబ్బరు ఎండి, వంచితే పెళుసుగా విరిగింది. మీటరు చూశాడు. 1,18,406.

"పదహారు వేలకే ఇలా అయిపోదే" అనుకుంటూ కారు కిందికి దూరాడు. రెండు నిమిషాల తర్వాత కింద నుంచే ఒక నవ్వు వినిపించింది. బయటికొచ్చేసరికి అతని చేతిలో ఒక కేబులు కొస ఉంది. దానికి పాల కవరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"రావుగారూ, మీటరు కేబులు ఎవరు పీకారండీ?"

పెద్దాయన దగ్గాడు. షెడ్డు పైకప్పు చూశాడు. "నేనే. నాలుగేళ్ళ పైమాటే. మీటరు తక్కువుంటే రేపు అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుందని మా ఆఫీసులో ఎవరో చెప్తేను... పెట్టేద్దామనుకుని మర్చిపోయా."

"నాన్నా!"

శాలిని కేకకి పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు కూడా ఆగాయి.

"నాలుగేళ్ళు నాన్నా! ప్రతి ఆదివారం ఫోన్‌లో మీటరెంత అని అడుగుతున్నానా? లక్షా పద్దెనిమిది వేలేనమ్మా, లక్షా పద్దెనిమిది వేలేనమ్మా! మీరు బస్సుల్లో తిరుగుతున్నారనుకున్నా!"

"కారంటే నీకంత ప్రాణమనుకున్నానమ్మా. దానికి ఏడుపెందుకు?"

ఆమె కళ్ళు తుడుచుకుని గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది. వెంకటకృష్ణారావు కూతురి వంక చూశాడు. తర్వాత కేబులు పట్టుకుని బొమ్మలా నిలబడ్డ కిరీటి వంక చూశాడు. "రండి సార్, టీ తాగుదాం. పిల్లలకి బోలెడు పనుంది" అని రహమతుల్లా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

పని నాలుగు రోజులు పట్టింది. పెళ్ళిచూపులు వాయిదా వేస్తున్నామని కొండపల్లికి ఫోన్ చేసి చెప్పారు. ఇంజను పైభాగం హెడ్డు దించాడు, వంగిన వాల్వులు మార్చాడు. శాలిని సెలవు పొడిగించుకుని రోజూ తండ్రితో బస్సులో వచ్చింది. వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చునేది, మాట్లాడేది కాదు. నాలుగో రోజు కొత్త బెల్టు తియ్యగానే లేచి టార్చి అందుకుంది.

"ఐదేళ్ళకైనా రావచ్చుగా మీరు" అన్నాడు కిరీటి, ఆమె వైపు చూడకుండా.

"కిలోమీటర్లే లెక్కపెట్టుకున్నా, మీటరు తిరిగితేనేగా బెల్టు మార్చేది అని. ఏళ్ళు లెక్కపెట్టాల్సింది మీరు కదా. ఫోన్ చెయ్యచ్చుగా?"

"చేశానండీ. సరిగ్గా ఐదేళ్ళు నిండిన రోజు, పొద్దున్నే. మీ నాన్నగారు ఎత్తి, పదహారు వేలేగా తిరిగింది, ఇప్పుడు బెల్టెందుకయ్యా అన్నారు. ఇంక మీకు ఇష్టం లేదేమో అనుకున్నా."

శాలిని నుదురు కొట్టుకుంది. "నేను కూడా ఇంక మీరు మర్చిపోయారనే ఈ కొండపల్లికి సరేనన్నా."

బెల్టు వేశాక చేత్తో రెండు చుట్లు తిప్పి, పైన గుర్తు, కింద గుర్తు కలిశాయో లేదో చూడకుండా సెల్ఫ్ కొట్టకూడదు. కిరీటి తిప్పుతున్నాడు. టార్చి వెలుగు పక్కకి జారింది.

"సరిగ్గా పట్టుకోండి."

"పట్టుకున్నా. ముందు చెప్పాల్సింది చెప్పండి. బెల్టు మార్చేశారు."

ఒక చుట్టు అయింది. రెండోది అయింది. గుర్తులు రెండూ కలిశాయి.

"మీరంటే నాకు ఇష్టం శాలిని గారూ. ఆరేళ్ళుగా. ఆ రోజే చెప్పాల్సింది, భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది."

"నాకూ ఇష్టమే" అంది ఆమె. అని టార్చి ఆర్పేసి, మళ్ళీ వెలిగించింది. ఎందుకో ఆమెకే తెలియదు.

కారు కింద ఎవరో దగ్గారు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పంచె నిండా నల్లగా గ్రీజు పూసుకుని వెంకటకృష్ణారావు బయటికి పాక్కుంటూ వచ్చాడు.

"కేబులు నేనే పీకాను కదా, నేనే పెడదామని దూరాను" అన్నాడు గంభీరంగా. "ఇంకేం వినలేదులే. కారు స్టార్ట్ చెయ్యి."

ఇంజను మొదటి తాళానికే అందుకుంది. పెద్దాయన వెనక సీటులో కూర్చుని, ముందు సీటు కూతురికి చూపించాడు. కిరీటి బందరు రోడ్డు దాకా నడిపి ఆపాడు. ఒకవైపు బెంజ్ సర్కిల్ మీదుగా కొండపల్లి, ఇంకోవైపు ఉయ్యూరు.

"ఎటు పోనివ్వమంటారండీ?" అన్నాడు.

వెంకటకృష్ణారావు ఇంట్లో ఉన్న భార్యకి ఫోన్ చేశాడు. "పార్వతీ, కొండపల్లి వాళ్ళకి నేను క్షమాపణ చెప్పుకుంటాలే. నువ్వు అన్నం ముగ్గురికి పెట్టు. కాదు, నాతో ముగ్గురం, నీతో నలుగురం. ఎవరా? వచ్చాక చూద్దువుగాని."

కారు ఉయ్యూరు వైపు తిరిగింది. నాలుగు రోజుల వాన వెలిసింది. శాలిని మీటరు వైపే చూస్తోంది. కంకిపాడు రాకముందే చివరి ఆరు కదిలి ఏడైంది, ఏడు ఎనిమిదైంది.

"నాన్నా, ఈసారి మీరు అడగరా, మీటరెంత అని?" అంది వెనక్కి తిరగకుండా.

"నేనెందుకమ్మా అడగడం? మీ ఇద్దరూ చూసుకోండి" అన్నాడాయన, గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ.