ఐదో గంట

తబూక్‌సుబాలో ఇప్పుడు గంట కొట్టేవాళ్ళు లేరు. సాయంత్రం నాలుగు కాగానే పేట ఆఫీసు మీది మైకు ఒకసారి కూస్తుంది, అంతే. అది కూయగానే ఫెలిసా ఎక్కడున్నా లేచి నిలబడుతుంది. పూలకుండీ కింది పళ్ళెం ఒంపుతుంది, కుక్క తాగగా మిగిలిన నీళ్ళు పారబోస్తుంది. చుట్టాలింటికి వెళ్ళినా సరే, వాళ్ళ పెరట్లో బోర్లించాల్సిందేమైనా ఉందా అని చూసి వస్తుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి, ఎక్కడికి పోతుంది?

అంతా బోర్లించాక మాత్రం ఒక్క క్షణం చెవి రిక్కించి ఆగుతుంది. ఎందుకాగుతుందో తెలియాలంటే ఆ ఏటి వానాకాలానికి వెళ్ళాలి.

అప్పటికి ఫెలిసాకి ఇరవై మూడేళ్ళు. పేట ఆరోగ్య కార్యకర్తగా చేరి నెల కూడా కాలేదు. మెడలో పేరు కార్డు, ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ గరిట. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళ డ్రమ్ములు, టైర్లు, కొబ్బరి చిప్పలు వెతకడం ఆమె పని. ఆ రోజు లోలా పాసింగ్ అనే ముసలమ్మ ఇంటి పెరట్లోకి వెళ్ళేసరికి వరసగా పన్నెండు సీసాలు, ఒక సగం డ్రమ్ము కనబడ్డాయి. అన్నింటి నిండా కిటికిటి. దోమపిల్లల్ని అక్కడ అలాగే అంటారు. నీళ్ళలో అవి గింగిరాలు తిరగడం చూసినవాళ్ళకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఫెలిసా గరిట పక్కన పెట్టింది. రెండు చేతులా డ్రమ్ము పట్టుకుని ఒక్క తోపు తోసింది.

"ఏయ్! ఏయ్! ఆగండి!"

లోపల్నుంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. లోలా పాసింగ్ మనవడు, పేరు డెల్ఫిన్.

"ఎవరండీ మీరు? మావాళ్ళ భోజనమంతా నేలపాలు చేశారు!"

"ఎవరు మీవాళ్ళు?"

అతను గోడవైపు చూపించాడు. బల్ల మీద చదునైన మందు సీసాలు బారుగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో చేప. ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. ఒకదాన్నొకటి చూసి కొట్టుకోకుండా సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్కలు పెట్టాడు. పందెం చేపల్ని పెంచి బడి గేటు దగ్గర అమ్మడం అతని బతుకుతెరువు.

"వీటికి కిటికిటి తప్ప ఇంకేం పెట్టినా రంగు రాదు మేడమ్."

"అంటే మీరు దోమల్ని పెంచుతున్నారు."

"చేపల్ని పెంచుతున్నాను. దోమల్ని చేపలు తింటాయి. ఒక్కటి కూడా రెక్కలొచ్చేదాకా బతకదు."

"లెక్కపెట్టారా?"

"పెడదామనే చూశాను. కుదురుగా నిలబడవు కదా!"

ఇంకెవరైనా అయితే నవ్వేసేవారు. ఫెలిసాకీ నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. కిందటి వానాకాలంలో ఆమె చెల్లెలు నేనింగ్ డెంగీతో పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగు రోజుల జ్వరం, అయిదో రోజు లేదు. ఈ ఏడు పేటలో ఇంకో మనిషి అలా పోకూడదని, తన వల్ల అయినంతా చేస్తానని ఫెలిసా అమ్మకు మాటిచ్చి మరీ ఈ కార్డు మెడలో వేసుకుంది. అందుకే మిగిలిన పన్నెండు సీసాలూ కూడా ఒంపేసి, నేరుగా పేట పెద్ద దగ్గరికి నడిచింది.

పేట పెద్దని అందరూ కపితాన్ అనేవారు. ఆయనకి కోపం రాదు, వచ్చినా నిలవదు. ఇద్దరి వాదనా విని, గడ్డం గోక్కుని, తీర్పు చెప్పాడు.

"గంట కొట్టడానికి మనిషి లేడని మొన్నటినుంచీ చూస్తున్నాను. డెల్ఫిన్, ఈ నెలంతా నువ్వే కొట్టాలి."

గంటంటే గంట కాదు. ఆరోగ్య కేంద్రం ముందు బాదం చెట్టుకి వేలాడదీసిన పాత జీపు చక్రం రిమ్ము. పక్కన ఒక ఇనప కడ్డీ. రోజూ నాలుగింటికి నాలుగు దెబ్బలు కొట్టాలి. అది వినగానే ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళూ చేతిలో పని వదిలేసి బయటికొచ్చి, నీళ్ళు నిలిచినదల్లా బోర్లించాలి. ఇదీ ఆ ఏడు కపితాన్ పెట్టిన కట్టుబాటు.

మొదటి రోజు డెల్ఫిన్ నాలుగు కొట్టాడు. రెండో రోజు నాలుగు. మూడో రోజు నాలుగు కొట్టి, కాస్త ఆగి, ఇంకొకటి కొట్టాడు.

దాంతో లోలా పాసింగ్ ఐదయిపోయిందనుకుని గబగబా బియ్యం పొయ్యి మీద పెట్టేసింది. సాయంత్రం పూట అన్నం చల్లారిపోయిందని ఆమె మనవడితో వేసుకున్న పోట్లాట మూడిళ్ళ అవతలికి వినబడింది.

మర్నాడు ఫెలిసా బాదం చెట్టు కిందికి వెళ్ళేసరికి సన్నగా వాన పడుతోంది. డెల్ఫిన్ రాలిన బాదం ఆకులు ఏరుతున్నాడు. ఎండినవి సీసాలో వేస్తే చేపలకి జబ్బులు రావట.

"మీకు నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా?"

"ఐదు దాకా వచ్చు మేడమ్."

"నిన్న ఐదోది ఎందుకు కొట్టారు?"

"మొదటి నాలుగూ దోమలకి."

"మరి ఐదోది?"

"చేపలకి. భోజనం వేళైందని చెప్పాలి కదా, పాపం."

అది అబద్ధమని అతని నోటికంటే ముందు చెవులు చెప్పేశాయి. రెండూ ఎర్రబడ్డాయి. ఫెలిసా గొడుగు కాస్త కిందికి దించుకుని తన మొహం దాచుకుంది. వానకి గొడుగు పైకి ఎత్తాలి గానీ కిందికి దించడమేమిటని అతను అడగలేదు, అదృష్టం.

అసలు సంగతి ఆమెకి లోలా పాసింగ్ చెప్పింది. ఆ ముసలావిడకి బీపీ చూడటానికి వెళ్ళినప్పుడు, చేతికి పట్టీ బిగుస్తుండగా తాపీగా అంది.

"ఇండై, మా వాడు ఐదోది కొట్టేముందు ఆగుతాడు చూశావా?"

"ఆగితే?"

"నువ్వు సందు మలుపు తిరిగి కనబడేదాకా ఆగుతాడు. కనబడ్డాకే కొడతాడు. నిన్న నువ్వు ఆలస్యంగా వచ్చావు, పావుగంట కడ్డీ ఎత్తుకుని నిలబడ్డాడు వెర్రివెధవ. ఎంతుందమ్మా బీపీ?"

ఫెలిసా ఎంతుందో చూడటం మర్చిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ గాలి కొట్టాల్సి వచ్చింది.

నెల గడిచింది. శిక్ష అయిపోయిందిరా అని కపితాన్ చెప్పినా డెల్ఫిన్ కడ్డీ వదల్లేదు, అలవాటైపోయిందన్నాడు. ఆ పేటలో పెద్దవాళ్ళు ఏ ఆడపిల్లనైనా ముద్దుగా ఇండై అనే పిలుస్తారు. అతను మాత్రం ఫెలిసాని మేడమ్ అని తప్ప పిలిచేవాడు కాదు. ఒకసారి "ఇం..." దాకా వచ్చి దగ్గుతో సరిపెట్టుకున్నాడు. ఆ రోజు ఫెలిసా ఇంటికెళ్ళి ఆ దగ్గునే తలుచుకుని నవ్వుకుంది. ఆ వానాకాలంలో ఆమెకి సంతోషంగా ఉన్న వేళ ఏదని అడిగితే, నాలుగింటి వేళే అని చెప్పేది. అడిగినవాళ్ళు లేరు.

సెప్టెంబరులో ఫెలిసాకి జ్వరమొచ్చింది.

మొదటి రోజు ఒళ్ళునొప్పులే అనుకుంది. రెండో రోజు కళ్ళ వెనక సలుపు మొదలైంది. వాళ్ళమ్మ సోలింగ్ ఇంకేమీ అడగలేదు. పక్కింటివాళ్ళ ట్రైసికిల్ ఎక్కించి పట్నంలో ఆస్పత్రికి తీసుకుపోయింది. దారంతా కూతురి చెయ్యి వదల్లేదు. ఏడాది కిందట అదే దారిలో రెండో కూతుర్ని తీసుకెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది ఆమె.

ఆరు రోజులయ్యాక ఫెలిసా ఇంటికొచ్చింది. బతికి బయటపడింది. మనిషి సగమైంది, జావ తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. కిటికీ పక్కన పడుకుని గడియారం చూసింది. నాలుగు కావస్తోంది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

పక్కిళ్ళలో బకెట్లు బోర్లించిన చప్పుళ్ళు వినబడ్డాయి. ఫెలిసా ఎదురుచూసింది. ఐదోది రాలేదు.

తను మలుపులో కనబడలేదు కదా, అందుకే కొట్టలేదు అనుకుంది. మర్నాడూ అంతే. తను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఆ ఒక్క దెబ్బ కోసమేనని, మంచం మీద పడుకుని ఆమె తనకి తానే ఒప్పుకుంది. మూడో రోజు అమ్మ వద్దంటున్నా శాలువా కప్పుకుని బయల్దేరింది. సరిగ్గా నాలుగో దెబ్బకి మలుపు తిరిగింది.

డెల్ఫిన్ ఆమెని చూశాడు. చూసి, కడ్డీ కింద పెట్టేశాడు.

"చెయ్యి నొప్పా?" ఫెలిసా దగ్గరికొచ్చి అడిగింది.

"కాదు మేడమ్."

"మరి ఐదోది?"

"కొట్టే మొహం లేదు."

అప్పుడు చెప్పాడు. ఆ రోజు ఆమె పన్నెండు సీసాలు ఒంపేసినా, వంటింటి వెనక పదమూడోది ఉందట. సీసా కాదు, జాడీ. గుడ్డ కట్టి, రోజూ దాంట్లోంచి గరిటెడు తీసి చేపలకి వేసేవాడు. బకోలోద్ నగరం నుంచి ఎవరో వచ్చి మంచి ధరకి కొంటామన్న ఎర్ర చేప ఒకటుంది, దాని పేరు సెన్యోర్. దాని రంగు పోకూడదని ఆశపడ్డాడు.

"మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారని విని జాడీ పారబొయ్యబోయాను. చూస్తే గుడ్డకి చిరుగుంది." వేలెడు అని వేలు చూపించాడు. "ఎప్పట్నుంచి ఉందో తెలీదు."

ఫెలిసా చెట్టుకి ఆనుకుంది.

"రోజూ గంట కొడుతూనే?"

"రోజూ కొడుతూనే."

"నా చెల్లెలి పేరు నేనింగ్. నీకు తెలుసు కదా?"

మీరు కాస్తా నువ్వు అయింది. అలా పిలిపించుకోవాలని అతను ఎన్నాళ్ళు కలగన్నాడో, కానీ ఇలా కాదు.

"తెలుసు," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు.

ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. ఏ దోమ ఏ ఇంట్లో పుట్టిందో ఎవరూ చెప్పలేరని ఆమెకి తెలుసు, ఆ ముక్క ఊరంతటికీ చెప్పేది తనే. అయినా కోపం తగ్గలేదు. తనకి వచ్చింది కాబట్టి సరిపోయింది, ఇంకే చిన్నపిల్లకో వస్తే? మొహం కడుక్కుందామని డ్రమ్ము మీది మూత తీసింది.

నీళ్ళలో ఎర్రగా ఏదో మెదిలింది. పావడా కుచ్చిళ్ళలాంటి తోక ఒకటి విప్పుకుని, ముడుచుకుని, డ్రమ్ము అడుక్కి జారిపోయింది.

"అమ్మా! ఇదేంటి?"

"ఓ, అదా! సెన్యోర్." సోలింగ్ వంటింట్లోంచే అంది. "చెప్పొద్దన్నాడు, నువ్వే చూసేశావు. నువ్వు ఆస్పత్రిలో ఉండగా తెచ్చి వేశాడు. మనకే కాదే, ఇంటికొకటి. ముప్పై ఏడు డ్రమ్ములు. ఒక డ్రమ్ములో రెండు వేస్తే కొట్టుకుంటాయట. కిటికిటిని ఒక్కదాన్నీ మిగలనివ్వవు, చూసుకో, అన్నాడు."

"మరి అమ్ముకోడానికి?"

"ఏం మిగిల్చుకున్నాడని? రేవులో ఐసు దిమ్మలు మోస్తున్నాడు. నాలుగింటికి మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు." సోలింగ్ గరిటతో సహా గుమ్మంలోకి వచ్చింది. "ఇండై, ఆ అబ్బాయి నాకు జాడీ సంగతి నీకంటే ముందే చెప్పాడు. ఇక్కడే, ఈ గడప మీద కూచుని ఏడ్చాడు. నేనూ తిట్టాల్సినంతా తిట్టాను. తిట్టి అన్నం పెట్టాను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం."

ఫెలిసా డ్రమ్ము అంచు పట్టుకుని లోపలికి చూసింది. సెన్యోర్ ఒకసారి పైకొచ్చి, నోరు తెరిచి, మళ్ళీ వెళ్ళిపోయింది. సీసాలో అరచేయంత చోటులో పెరిగిన చేపకి ఇప్పుడు డ్రమ్ము మొత్తం దొరికింది.

మర్నాడు పెద్ద వాన. డెల్ఫిన్ రేవు నుంచి తడుస్తూ వచ్చాడు. భుజం మీద ఐసు మోసిన గోనెపట్టా ఇంకా అలాగే ఉంది. నాలుగు దెబ్బలు కొట్టాడు. గుమ్మాల్లోంచి గొడుగులు బయటికొచ్చాయి. అతను కడ్డీ కింద పెట్టబోతుంటే ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంది.

"ఇలా ఇవ్వు," అంది ఫెలిసా.

"మేడమ్, మీరు వానలో..."

"నాకు కోపం పోలేదు. ఇంకా చాలా రోజులు ఉంటుంది. రోజూ వచ్చి కాస్త కాస్త తిట్టిపోతాను."

"రండి. రోజూ రండి."

"ఇంకెప్పుడైనా నా దగ్గర జాడీలు దాచావంటే..."

"దాచను. అరచేతి లోతు నీళ్ళు కూడా దాచను."

ఫెలిసా కడ్డీ రెండు చేతులా ఎత్తింది. జ్వరం పడి లేచిన మనిషి, బలం ఎక్కడిది? అయినా కొట్టింది.

ఠంగ్.

పేట పేటంతా ఆగి విన్నది. బకెట్లు చేతుల్లో పట్టుకుని జనం అలాగే ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో లోలా పాసింగ్ గొంతు ఖంగున వినిపించింది.

"ఐదయిపోయిందా? అయ్యో, నా అన్నం!"

ముప్పై ఏడిళ్ళూ ఒక్కసారి నవ్వాయి. డెల్ఫిన్ నవ్వలేదు. అతను ఏడుస్తున్నాడో, వాన నీళ్ళో ఫెలిసా తేల్చుకోలేకపోయింది. శాలువా కొస తీసి రెండూ తుడిచేసింది.

ఆ వానాకాలం తబూక్‌సుబాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫిబ్రవరిలో పెళ్ళయింది. సోలింగ్ దగ్గరుండి చేసింది, పెళ్ళిపెద్ద కపితాన్.

ఇప్పుడు రిమ్ము తుప్పు పట్టి రాలిపోయింది, లోలా పాసింగ్ లేదు, బాదం చెట్టు మాత్రం ఉంది. ఇవాళ కూడా నాలుగింటికి మైకు కూసింది. ఫెలిసా పెరట్లో నీళ్ళన్నీ ఒంపి, చెవి రిక్కించి ఆగింది. ఏమీ వినబడలేదు. కాస్త కంగారుగా ఇల్లు చుట్టి మలుపు తిరిగి ముందు వసారాలోకి వచ్చింది.

నెరిసిన జుట్టుతో డెల్ఫిన్ కుర్చీలో కూచుని ఉన్నాడు. చేతిలో చెంచా, ముందు ఖాళీ గాజు గ్లాసు. ఆమెని చూసి, అప్పుడు కొట్టాడు.

టింగ్.

"ఇంత ఆలస్యమా? గుండె ఆగిపోయిందనుకో," అంది ఫెలిసా.

"నువ్వు కనబడాలి కదా, ఇండై."