కాలువకు పంపని పిల్లలు

కోనసీమలో నగరం అనే పల్లెలో భరద్వాజ్ అరవై రెండు ఇళ్ళు తిరిగాడు. అన్ని ఇళ్ళలోనూ ఒకటే జవాబు.

"మా పిల్లలకి ఫిట్సేంటండీ బాబూ!"

అది 1997 ఆగస్టు. వానగాలికి గొడుగు తిరగబడింది. విశాఖపట్నంలో పిల్లల నరాల జబ్బుల మీద చదువుతున్న ఆ కుర్ర డాక్టరు, ఖాళీ ఫారాలు చంకలో పెట్టుకుని బడి వరండాలోకి దూరాడు.

"ఏవండీ, దొరికేరా?" అంది అక్కడున్న టీచరు. పేరు శ్రీకళ. నవ్వు దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"మీ ఊళ్ళో ఒక్కరికీ మూర్ఛ లేదండి. రికార్డు."

"అలా అడిగితే ఎవరు చెబుతారండీ? రేపు ఆ పిల్లకి సంబంధాలు రావద్దా? నీళ్ళలో ఫిట్సొస్తే మునిగిపోతారని భయం కదా, ఏ పిల్లని కాలవకి ఒంటరిగా పంపరో అడగండి."

భరద్వాజ్ గబగబా ఒక ఫారం వెనక ఆ ప్రశ్న రాసుకోబోయాడు.

"ముందు ఆ తల తుడుచుకోండి. నా రిజిస్టర్ల మీద కారుతోంది."

మర్నాటి నుంచి ఆమె వెంట చుట్టుపక్కల ఊళ్ళు కూడా తిరిగాడు. ఆ ప్రశ్నకు తల్లులు తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి మాట్లాడారు. మూడు నెలల్లో నలభై మూడు మంది పిల్లలు తేలారు. డాక్టరు గుమ్మం ఎక్కితే ఊరికి తెలిసిపోతుందని భయం. అందుకని మాత్రలు అతను పంపేవాడు, ఆమె గుట్టుగా పంచేది.

"మీకూ ఫిట్సున్నాయాండీ?" అంది ఒకరోజు, వైనతేయ గోదావరి పాయ దాటే పడవలో.

"అదేంటి?"

"నన్ను చూస్తూ చూస్తూ ఆగిపోతున్నారు. పిలిస్తే పలకరు. అదీ ఒక రకం మూర్ఛేనని మీరే చెప్పేరు కదా."

"ఈ రకానికి మందు లేదండి."

"అయితే మా అమ్మనడగండి."

అడిగాడు. గంగాభవానిగారు "ఆయ్" అన్నారు. 1999 మాఘంలో ముహూర్తం పెట్టారు.

ముహూర్తానికి నెల ముందు అతని పరిశోధన పేపరు అచ్చయింది. స్వయంగా పట్టుకొచ్చాడు. శ్రీకళ పేజీలు తిప్పింది. కాలువ ప్రశ్న ఉంది, ఇంగ్లీషులో. రాసినవాళ్ళ పేర్లు నాలుగున్నాయి. అందులో ముగ్గురు కోనసీమలో అడుగు పెట్టలేదు.

"నా పేరేదండీ?"

"మా ప్రొఫెసరుగారు..."

"ఆయన తీసేయమన్నారా?"

ఎవరూ అనలేదు. పల్లెటూరి పంతులమ్మ పేరుంటే పేపరు తేలికైపోతుందని అతనికే అనిపించింది. కనీసం అబద్ధమాడే ధైర్యం కూడా లేకపోయింది.

"కాగితం మీదే పక్కన ఉంచుకోలేనివారు, పీటల మీద ఎలా కూర్చోబెట్టుకుంటారండీ?"

పెళ్ళి ఆగిపోయింది. పరిశోధన ముగిసింది. మాత్రలు పంపడం ఇక ఎవరి పనో ఎవరూ ఆలోచించలేదు. ఏప్రిల్‌లో ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పది రోజులకి ఇంకోటి. తిట్లు ఉంటాయనుకున్నాడు. పౌరుషం కొద్దీ విప్పకుండా సొరుగులో పడేశాడు.

పేపరు మాత్రం ఎదిగింది. 2008 నాటికి మూడు వందల పన్నెండు మంది తమ పేపర్లలో దాన్ని పేర్కొన్నారు. సభల్లో ఆ ప్రశ్నని అతని పేరుతోనే పిలిచారు. అతను పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు మారుతూ సొరుగు ఖాళీ చేస్తుంటే ఉత్తరాలు చేతికొచ్చాయి. విప్పి చదివాడు. మర్నాడే బస్సెక్కాడు.

ఆదివారం. శ్రీకళ బడి వరండాలో మాత్రలు పొట్లాలు కడుతోంది. కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"ఇప్పుడు చదివేను," అన్నాడు.

"ఏం రాశానో చెప్పండి."

"మాత్రలు అయిపోవచ్చేయి, పంపమని."

"రెండోదాంట్లో?"

"సాయిదుర్గకి... రెండు రోజులుగా మందు లేదని."

"తొమ్మిదేళ్ళ పిల్ల. అమలాపురం తీసుకెళ్ళమని వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకున్నాను. నలుగురికీ తెలుస్తుంది, డాక్టరుగారే పంపుతారులెమ్మన్నాడు. ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చేయి. సాయంత్రానికి పోయింది." ఆమె పొట్లానికి దారం బిగించింది. "నెలనెలా కాకినాడ వెళ్ళి తెస్తున్నాను. ఆ పని ముందే చెయ్యాల్సింది. మీరు పంపుతారని నేనూ నమ్మేను. అది నా తప్పు."

ఆమె మరో పొట్లం అందుకుంది.

"మూడొందల మంది చదివేరట కదా. ఆ పిల్లలెలా ఉన్నారని ఒక్కరైనా అడిగేరా?"

"లేదు. శ్రీకళా, నేను ఇంకా..."

"తెలుసండి. నేనూ చేసుకోలేదు. మిమ్మల్ని మర్చిపోలేకే. దాచడమెందుకు?" తలెత్తి చూసింది. "అయినా మిమ్మల్ని చేసుకోను. ఆ పిల్ల తల్లి రోజూ ఈ దారినే వెళ్తుంది."

మాత్రల కోసం జనం ఒక్కొక్కరే వస్తున్నారు. నాటి పిల్లల్లో కొందరు ఇప్పుడు చంటిపిల్లల తల్లులు. శ్రీకళ లోపలికెళ్ళి కుర్చీ తెచ్చింది. తన పక్కన వేయలేదు. వాళ్ళు కూర్చున్న బెంచీకి ఎదురుగా వేసింది. రిజిస్టరు అతని చేతిలో పెట్టింది.

"పేర్లు పెట్టి పిలవండి."

భరద్వాజ్ మొదటి పేరు పిలిచాడు. లేచి వచ్చిన అమ్మాయి నమస్కారం పెట్టింది. అతను గుర్తుపట్టలేదు.