కృష్ణజింక నెత్తిమీది వాగు

రాతిగోడను పగలగొడితే దాని వెనక బంగారం ఉంటుందని మొట్టమొదట చెప్పినవాడెవడు? అలా తెచ్చిన బంగారాన్ని అతడు ఎవరికైనా చూపించాడా? ఎర్రమల కొండల్లో గునపం దెబ్బ తినని గుహను వెతుక్కోవలసిన రోజులివి. ఈ ప్రశ్నకు జవాబును మాత్రం ఏ గునపమూ ఇంతవరకు తవ్వి తీయలేదు.

సువర్చల తన తమ్ముడు జయసింహను ఇదే అడిగింది. అతడు జవాబుగా బల్లమీద ఒక పాత తోలుముక్క పరిచాడు. దానిమీద ఎర్రమట్టి రంగుతో మెలికలు తిరుగుతూ సాగిన ఒక గీత. ఆ గీతకు ముందు రెండు గుండ్రటి మచ్చలు.

"ఇది వాగు. ఇవి జంట గుట్టలు. చుక్కలగవి గుహ దగ్గర వాగు అచ్చం ఇట్లాగే తిరుగుతుందక్కా. ఈసారి తప్పదు!"

సువర్చల పశువైద్య కళాశాలలో ఎముకల శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన విదుషి. జంతువుల పుర్రెల్లో ఎముకకూ ఎముకకూ నడుమ ఉండే అతుకులను కొలవడం ఆమె జీవితకాలపు పని. కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కసారి చూసింది.

"వాగు కాదురా. కృష్ణజింక నడినెత్తి. ఈ మచ్చలు కొమ్ములు మొలిచే చోట్లు. వాటి వెనక ఉండే అతుకు ఈ గీత. ఎవడో వేటగాడు తాను కొట్టిన జింక తలను గీసుకున్నాడు."

"నీకు అన్నం పళ్ళెంలో కూడా పుర్రె కనిపిస్తుంది."

"నీకు పుర్రెలో కూడా బంగారం కనిపిస్తుంది."

తల్లి పురిటిలోనే పోతే, తన చేతులతో పెంచిన తమ్ముడు. ఆపితే ఆగడని ఆమెకు తెలుసు. ఒంటరిగా పోనిస్తే తిరిగి రాడేమోనని భయపడింది. అతణ్ణి ప్రాణాలతో వెనక్కి తేవడానికే ప్రయాణం కట్టింది. ఒక్క షరతు పెట్టింది.

"గవిలో నేను కొలవనిదే ఒక్క వస్తువును కూడా కదపకూడదు."

"కొలుచుకో! పుర్రెలు నీకు, బంగారం నాకు. పంపకంలో తగువే లేదు."

మూడవ మనిషి సుంకన్న. నాపరాళ్ళ గనిలో రాళ్ళు పేల్చడానికి మందు పెట్టేవాడు. అతడి భుజాన జిలెటిన్ కడ్డీల సంచి.

తెల్లవారగానే ముగ్గురూ కొండెక్కారు. ముళ్ళపొదలు బట్టలను పట్టి లాగాయి. ఎండకు కాలిన బండలు చెప్పులను దాటి అరికాళ్ళను చురుక్కుమనిపించాయి. పొద్దెక్కేసరికి చుక్కలగవి నల్లటి నోరు కనిపించింది. సుంకన్న సంచిని బయటే, చెట్టు నీడన దించాడు.

"అదేంది, లోపలికి తేవా?" అని జయసింహ గద్దించాడు.

"అమ్మ కొలతలు ముగిసినంక తెస్తాలే సామీ. అంతదాకా మందు మోసుకోని పాకేదానికి నాకేమన్నా పిచ్చా?"

లాంతరు పట్టుకుని బోర్లా పడుకుని పాకారు. గబ్బిలాలు ముఖాలను రాసుకుంటూ పోయాయి. సొరంగం చివర ఒక్కసారిగా విశాలమైన గది తెరుచుకుంది. లాంతరు ఎత్తగానే జయసింహ కేక పెట్టాడు.

బంగారం కాదు. గోడవారన గుట్టలుగా, వరసలుగా పేర్చిన పుర్రెలు. అన్నీ కృష్ణజింకలవే.

"చెప్పలేదూ?" అంది సువర్చల. ఆ ఒక్క మాటే అంది. నేలమీద చతికిలబడి, జేబులోంచి పత్తిదారం తీసింది.

అతుకు తిరిగిన ప్రతి వంకరలోనూ దారాన్ని పరిచేది. మళ్ళీ విప్పి, ఆ అతుకు రెండు కొసల మధ్య తిన్నని దూరంతో పోల్చేది. కొమ్ములు లేని ఆడజింక పుర్రెమీద దారం ఆ దూరాన్ని కొద్దిగానే మించింది. మగజింక పుర్రెమీద దాదాపు రెట్టింపయింది.

"ఎందుకమ్మా ఇంత తేడా?" అన్నాడు సుంకన్న వంగి చూస్తూ.

"పోతులు కొమ్ములతో ఢీకొంటాయి. ఆ దెబ్బను తిన్నని అతుకు ఓర్వలేదు, జారిపోతుంది. ఇది చూడు, రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించినట్టు. ఎంత వంకరో అంత పట్టు."

జయసింహకు ఓపిక నశించింది. లాంతరు వెలుగులో అతడికి గది పక్కన మనుషులు దూరేంత గూడు, దాని పైబండలో మెలికలు మెలికలుగా పోతున్న నల్లటి గీత కనిపించాయి. తోలుముక్కమీది గీతకు అది తోబుట్టువులా ఉంది.

"ఇదిగో నా వాగు! దీని వెనకే ఉంది!"

గునపం ఎత్తాడు. మెలికల గీతలో మొన దూరలేదు. పక్కనే గది కప్పు పొడవునా, దారం పట్టి గీసినంత తిన్నగా ఇంకొక చీలిక ఉంది. మొన అందులోకి సులువుగా దిగింది.

"జయా! ఆపు! ఇంకా కొలవలేదు!"

అతడు బలమంతా పెట్టి తిప్పాడు. కప్పు మూలిగింది. సన్నటి దుమ్ము ధారగా రాలింది.

"బయటికి పరుగెత్తండి!" అని సుంకన్న అరిచాడు.

"వద్దు!" సువర్చల గొంతు గుహంతా మోగింది. "దారి ఆ తిన్నని చీలిక కిందినుంచే పోతుంది. అది జారుతుంది! గూట్లోకి, మెలికల రాయి కిందికి! అది పట్టు వదలదు!"

సుంకన్న గూట్లోకి దూకాడు. జయసింహ గునపాన్ని లాగుతూనే ఉన్నాడు. ఆమె అతడి చొక్కా కాలరు పట్టి, మొండి దూడను ఈడ్చినట్టు ఈడ్చింది. మరుక్షణం కప్పు చీలిక వెంట తెగి కూలింది. చెవులు దిమ్మెక్కాయి. దుమ్ము, చీకటి, రాళ్ళ హోరు.

తలమీద మెలికల అతుకు మాత్రం కదలలేదు.

హోరు సద్దుమణిగాక పైనుంచి తెల్లటి వెలుగు స్తంభంలా దిగింది. కప్పు కూలినచోట ఆకాశం కనిపిస్తోంది. రాళ్ళ కుప్పమీదుగా ఒకరినొకరు లాక్కుంటూ ఎక్కి, కొండమీది గడ్డిలో వెల్లకిలా పడ్డారు. గాలి ఇంత తియ్యగా ఉంటుందని ముగ్గురికీ అప్పుడే తెలిసింది.

"మందు గనక లోపలుండింటే," అన్నాడు సుంకన్న దగ్గు ఆపుకుని, "మన పుర్రెల అతుకులు కొలిచేదానికి గూడా ఏం మిగిలుండదమ్మా."

సువర్చల నవ్వింది. ఇల్లు విడిచాక అదే మొదటి నవ్వు.

"గునపం లోపలే పోయింది," అన్నాడు జయసింహ నీరసంగా.

"పోనీ. నువ్వు పాతిపెట్టిన నిధి అదొక్కటే."

"నీ పుర్రెలు?"

"రాళ్ళ కింద ఉంటాయి. రాయిని రాయిగా చూసి, మెల్లగా తొలగించడం తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఉండనీ. నేను తేవడానికి వచ్చింది తెచ్చుకున్నాను."

జయసింహ తన నడినెత్తిన వేళ్ళతో తడుముకున్నాడు. "నాకూ ఉందా అక్కా, ఈ అతుకు?"

"ఉంది. నువ్వు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ఇంకా కలవలేదు. మాడుకు ఆముదం పెట్టిన ప్రతిసారీ నా వేలికింద అది కొట్టుకునేది. ఎక్కడ గట్టిగా తగులుతుందోనని ఊపిరి బిగబట్టి పెట్టేదాన్ని."

జయసింహ తోలుముక్కను రెండు చేతులతో ఆమె ఒళ్ళో పెట్టాడు.

పాఠకులారా, అటువంటి పటమేదైనా మీ ఇంట్లోనూ ఉండవచ్చు. దాన్ని పట్టుకుని కొండెక్కే ముందు, ఈ కథ మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. చెప్పలేరా? అయితే ఆ గునపం కింద పెట్టండి.