పచ్చ తలుపుల ఇంట్లో ఎర్ర చుక్క

మా వీధి చివర పచ్చ తలుపుల ఇల్లొకటుంది. పాతికేళ్లుగా దానికి తాళమే. అర్ధరాత్రి దాటాక లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తుందని పేరు. పెద్దగా కాదు... సన్నగా, ముక్కు చీదుకుంటూ, ఆగి ఆగి. ఆ గోడకి చెవి ఆనించిన వాడికి నెల తిరక్కుండా ఆ చెవి పోతుందని కూడా చెప్పుకునేవారు.

మిగతా వాళ్ల సంగతి ఎలా ఉన్నా, మా తమ్ముడికి ఈ చెవి మాట ప్రాణసంకటం. వాడి బతుకుతెరువే చెవి. నీళ్ల ఆఫీసులో పైపులు వినే ఉద్యోగం. ఊరు సద్దుమణిగాక ఇనుప కడ్డీ ఒక కొన నేలకీ ఇంకో కొన చెవికీ ఆనించి, లోపల ఎక్కడ పైపు కారుతోందో చెప్పాలి. ఆఫీసులో వాణ్ణి అందరూ చెవులాయన అంటారు. అసలు పేరు వాడి గుర్తింపు కార్డుకే తెలుసు.

అంతటి చెవులాయనా ఆ ఇల్లు రాగానే కడ్డీ చంకన పెట్టుకుని ఎదుటి వైపు నుంచి గబగబా నడిచేవాడు. పొద్దున్నే రిజిస్టరులో ‘చప్పుడు లేదు’ అని రాసేవాడు. ఇరవై రెండేళ్లు అలాగే రాశాడు. ఆ సంగతి నాకు తెలుసు. చెవి కంటే రిజిస్టరు ఎక్కువా అని నేనే ధైర్యం చెప్పాను.

ఇంతలో పెద్దాఫీసరుకి అభివృద్ధి పూనింది. ఈ రోజుల్లో కడ్డీ ఏమిటని యంత్రాలు తెప్పించాడు. చొక్కా బొత్తాలంత ఉన్నాయట, నాలుగు. వెనక అయస్కాంతం. పైపు మీద పెడితే అతుక్కుపోయి చప్పుడు వింటాయి, విన్నది దాచుకుంటాయి. ఒకే చప్పుడు ఏ బొత్తానికి ముందు చేరింది, దేనికి వెనక చేరింది లెక్కగట్టి, అది పుట్టిన చోట తెర మీద ఎర్ర చుక్క పెడతాయి. వాటి వాడకం నేర్పడానికి కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. పరీక్షలో అవి నెగ్గితే తమ్ముడు ఇంటికే. పింఛనుకి ఇంకా మూడేళ్లుంది.

పరీక్షకి ముందు యంత్రాలకి చప్పుడే లేని చోటు వినిపించాలట. అమ్మాయి రిజిస్టర్లన్నీ తిరగేసింది. ఊరు మొత్తం మీద ఇరవై రెండేళ్లుగా చిటుక్కుమనని చోటు ఒక్కటే కనిపించింది. ఈ రాత్రికే అక్కడ పెడదాం, పెద్దాఫీసరు గారికి పొద్దున చెప్దాం అంది.

తమ్ముడు రిజిస్టరు మూసేశాడు. అక్కడ బాగుండదమ్మా అన్నాడు. ఎందుకు బాగుండదో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆ రాత్రి జరిగింది వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఈ మధ్య పొయ్యి కట్టేశానో లేదో రెండుసార్లు లేచి చూసుకుంటున్నాను గనక, ఇంకా ఆలస్యం చెయ్యడం మంచిది కాదు.

ఒంటిగంటన్నరకి నాలుగు బొత్తాలూ ఆ ఇంటి చుట్టూ పైపులకి అంటించారు. తెర ఖాళీ. రెండైంది... ఖాళీ. తమ్ముడు మనసులోనే దండాలు పెట్టుకుంటున్నాడు.

రెండూ పదికి చుక్క పడింది.

ఎర్రగా — సరిగ్గా ఇంటి నడిమధ్య.

అమ్మాయి చప్పుడు వినడానికి చెవులకి తగిలించుకున్నవి తీసేసింది. “బాబాయ్ గారూ... ఎవరో ఏడుస్తున్నారు.”

తమ్ముడు కడ్డీ చంకలోకి లాక్కున్నాడు.

“కారే పైపైతే పగలూ రాత్రీ కారాలి. ఇది ఇప్పుడే మొదలైంది... ఒక్కసారి మీ కడ్డీ పెట్టి చూడండి.”

అప్పుడు వాడి బుర్ర చాలా దూరం వెళ్లిందట. ఏమీ లేదంటే చాలు. యంత్రం అబద్ధాలకోరు అవుతుంది, ఉద్యోగం నిలుస్తుంది, చెవీ మిగులుతుంది. కానీ ఆ పిల్ల వాడి చెవినే నమ్ముకుని చూస్తోంది. కళ్లు మూసుకుని కడ్డీ గోడకి ఆనించాడు.

ఏడుపు.

ఏడుపు వెనక... హోరు. లావుపాటి పైపులో నీళ్లు పరిగెత్తే హోరు. ఆ ఏడ్చేది సగం తిప్పిన వాల్వు.

ఆ తర్వాత... ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

వాడికి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దెయ్యాన్ని గుర్తుపట్టాడు మరి. ప్రతి ఒకటో తారీఖు ఆఫీసు మీటింగులో ఆ మూడు సవరింపుల తర్వాతే నిజాయితీ గురించి ఉపన్యాసం మొదలవుతుంది.

“మూత గట్టిగా వేయించు,” అంది దెయ్యం. “తడి కనపడకూడదు.”

ఇంటి వెనక సందులో నింపుకున్న నీళ్ల ట్యాంకరు కదిలి వెళ్లిన చప్పుడు వినడానికి కడ్డీ అక్కర్లేకపోయింది.

మర్నాడు పెద్దాఫీసరు యంత్రాలు పనికిరావని తేల్చేశాడు. ఖాళీ ఇంట్లో చుక్క పెట్టే వస్తువు మనకెందుకన్నాడు. తమ్ముణ్ణి గదిలోకి పిలిచి, చెవులాయన చెవుల ముందు ఏ యంత్రం పనికొస్తుందని మెచ్చుకుని, ఇరవై రెండు రిజిస్టర్లు బల్ల మీద పేర్చాడట.

“రాత నీదే కదయ్యా,” అన్నాడు మెల్లిగా.

ఆ రాత్రి తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేనూ తిన్నానో లేదో గుర్తులేదు. ఆ దెయ్యం కథ నాకు ఎవరు చెప్పారా అని తెల్లవార్లూ ఆలోచించాను. తమ్ముడే చెప్పాడు. తమ్ముడికి ఎవరు చెప్పారు? ఆ వీధి డ్యూటీ వేసిన రోజున — అప్పట్లో చిన్నాఫీసరైన ఈ పెద్దాఫీసరే. టీ కూడా తాగించి.

అమ్మాయి వెళ్లేటప్పుడు పెట్టెలో మూడు బొత్తాలే సర్దింది. నాలుగోది ఎక్కడో పడిపోయిందని రాసిచ్చింది.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం పెద్దాఫీసరు మా ఇంటికొచ్చాడు. తమ్ముడు లేని వేళ చూసుకునే వచ్చాడు. ఇనుప కుర్చీలో కూర్చుని మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. అక్కగారూ, మీ తమ్ముడు చిన్న బొత్తాం లాంటిదేమైనా తెచ్చాడా, ఆఫీసు సామాను, పోతే వాడికే మాట వస్తుంది అన్నాడు.

“తెచ్చాడు బాబూ,” అన్నాను. “భద్రంగా ఉంటుందని నేనే అంటించాను. ఏదో ఇనుప వస్తువుకే. దేనికో మాత్రం గుర్తురావడం లేదు. వయసు కదా.”

అతను బీరువా చూశాడు. కిటికీ ఊచలు చూశాడు. మంచం కోళ్లు చూశాడు. ఆ తర్వాత తను కూర్చున్న కుర్చీ వైపు చూసి, లేచి నిలబడ్డాడు.

“అది... ఇప్పుడు కూడా వింటుందా?” ఈసారి గొంతు సవరించుకోకుండానే అడిగాడు.

“వినడానికే కదయ్యా చేశారు. మంచినీళ్లు తాగుతావా?”

తాగలేదు. వెళ్లేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా కాకుండా వెళ్లాడు.

ఆ రాత్రి నుంచి పచ్చ తలుపుల ఇంట్లో ఏడుపు లేదు. మాకు కొళాయిలో నీళ్లు రెండో అంతస్తు దాకా ఎక్కుతున్నాయి. శాంతి చేయించినట్టున్నారు అంటున్నారు వీధిలో వాళ్లు. తమ్ముడు ఇప్పుడు ఆ గోడకి కడ్డీ ఆనించి, విని మరీ ‘చప్పుడు లేదు’ అని రాస్తున్నాడు. పాత రిజిస్టర్ల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఆఫీసులో పెద్దాఫీసరు మాత్రం ఏ గదిలోకి వెళ్లినా గుసగుసగానే మాట్లాడుతున్నాడట.

మందుల వేళలు, తాళంచెవుల చోటు, మనవల పుట్టినరోజులు — అన్నీ చీటీల మీద రాసి గోడకి అంటించుకుంటాను. ఆ బొత్తాం ఎక్కడుందో మాత్రం ఏ చీటీ మీదా రాయలేదు.

రాయక్కర్లేదు. అదొక్కటే నాకు బాగా గుర్తుంది.