ఇద్దరి ప్రాజెక్టులో ఒకటే అమ్మ

"అమ్మీ! నేను రాసిందే మాహిరా దించి ఇచ్చింది... ఇద్దరికీ సున్నా అంట!" ఫరీహా గడపలోనే కూలబడి ఏడ్చింది.

కుంపటి ముందు కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికిస్తున్న సుగ్రా చేయి ఆగిపోయింది. ఫరీహా తను కన్న కూతురు. మాహిరా చెల్లెలి కూతురు. చెల్లెలు ప్రసవంలో కన్నుమూస్తే ఆ పసిగుడ్డును సుగ్రాయే తెచ్చి పెంచింది. ఇద్దరూ ఒకే కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు. చార్మినార్ గల్లీల్లో గాజులు చేసే ఆడవాళ్ల మీద ఫరీహా ఎండనక వాననక తిరిగి ప్రాజెక్టు రాసింది. మాహిరా ఒక్క ముక్క మార్చకుండా దాన్నే తన పేరుతో ఇచ్చేసింది. "మా అమ్మీ సుగ్రాకు కృతజ్ఞతలు" అన్న మాటనూ వదల్లేదు! మేడమ్‌కు అక్కడే అనుమానం వచ్చింది. మాహిరాకు మాత్రం అందులో తేడా కనపడలేదు. ఆ పిల్లకూ అమ్మీ అంటే సుగ్రాయే మరి!

"బజార్ల ఒకని డిజైన్ చూసి ఇంకొకడు చేస్తలేడా? గింతదానికి లొల్లి ఏంది?" అన్నాడు సుగ్రా భర్త బాబూమియా. "మాహిరా తల్లి లేని పిల్ల. తప్పు నాదేనని ఫరీహా ఒప్పుకుంటే అయిపాయె!"

తల్లి లేని పిల్ల! ఆ మాట సుగ్రాకు చురుక్కుమంది. ఇన్నేళ్లూ మరి తనెవరు...?

మర్నాడు పిల్లలిద్దరినీ తీసుకుని కాలేజీకి వెళ్లిన సుగ్రాకు మేడమ్ మొహమాటం లేకుండా చెప్పింది. "నిజం తేలకపోతే ఇద్దరికీ ఏడాది పోతుంది. తేలితే కాపీ కొట్టినవాళ్లు మాత్రమే వచ్చే ఏడు మళ్లీ రాయాలి."

మాహిరా తల ఎత్తలేదు. సుగ్రా మేడమ్ వైపు తిరిగింది.

"రాసింది ఫరీహా... దించింది మాహిరా. ఇద్దరూ నా పిల్లలే మేడమ్!"

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాహిరా భోరుమంది. "నీ కడుపున పుట్టినదాన్నే కాపాడుకున్నవ్ గదా!"

"పరాయి పిల్లవైతే నాకేందని ఊకుంటుంటి. నా పిల్లవు గాబట్టే చెప్పిన."

ఆ తర్వాత చాలా రోజులు మాహిరా ముభావంగా తిరిగింది. సుగ్రా బతిమాలలేదు. దుపట్టాలో ముఖం దాచుకుని ఏడ్చిందేమో, అది ఆమెకే తెలుసు. ఒక మధ్యాహ్నం మాహిరా ప్రాజెక్టు మళ్లీ రాయడానికి కలం, కాగితాలు పట్టుకుని వచ్చి కుంపటి పక్కన కూర్చుంది.

"ఫరీహా ఆపా అడిగినవి అడుగ అమ్మీ. నావి నేనే అడుగుత."

"అడుగు బేటా."

"నన్ను తెచ్చుకున్న కొత్తల్ల... ఇద్దరు చంటిపిల్లల్ని పెట్టుకొని గీ నిప్పుల ముంగట ఎట్ల కూసున్నవ్?"

ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. సుగ్రా కళ్లు నిండిపోయాయి.

"ఒకదాన్ని ఒళ్లె పండుకోబెట్టుకొని, ఒకదాన్ని వీపుకు కట్టుకొని చేసిన..."

"ఒళ్లె ఎవరు? వీపు మీద ఎవరు?" రాసుకుంటూనే అడిగింది మాహిరా.

"ఎవరు ముందుగాల ఏడిస్తే వాళ్లు ఒళ్లె," అంది సుగ్రా.