బఠాణీల గడ్డ

తలుపు తీసిన మనిషి చేతిలో సుత్తి చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంటండీ ఆ మోత? కింద మేం బతకాలా వద్దా?"

"బఠాణీలండీ."

"బఠాణీలకి సుత్తా?"

అతను సిగ్గుపడుతూ పక్కకి తప్పుకున్నాడు. వంటింటి గట్టు మీద దిండంత ఆకుపచ్చ గడ్డ. టోకున కొంటే చవకని ఎవరో చెబితే బస్తా తెచ్చాడు. ఒలిచి, కడిగి, ఆ తడితోనే ఒకే సంచిలో పోసి ఫ్రీజర్లో కుక్కాడు. లిఫ్టుల మెకానిక్ కదా, ఏది బిగుసుకున్నా ముందు సుత్తే గుర్తొస్తుంది.

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, వల్ల కాలేదు.

"తడి లేకుండా ఆరబెట్టి, పళ్ళెంలో పలచగా పరిచి ఫ్రీజర్లో పెట్టాలి. గింజలు విడివిడిగా గట్టిపడ్డాకే సంచిలో పోయాలి. ఇంకో మాట. ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకూడదు. గుర్తుంటుందా?"

"ఉంటుందండీ," అన్నాడు. నిజానికి ఆ నవ్వు తప్ప అతనికేమీ గుర్తులేదు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షిస్తుంది. కింది అంతస్తులో పెద్దమ్మతో ఉంటుంది. వాళ్ళింట్లో పెట్టె లాంటి డీప్ ఫ్రీజర్ ఉంది. ఆ రోజు నుంచి ఆదివారాలు ఇద్దరూ కలిసి మార్కెట్‌కి వెళ్ళడం, బస్తాల లెక్కన కొనడం, సగం సగం పంచుకుని ఆ ఫ్రీజర్లోనే దాచుకోవడం అలవాటైపోయింది.

మూత తీయగానే చల్లటి ఆవిరికి ఆమె కళ్ళజోడు మసకబారేది. తీసి, చున్నీతో తుడుచుకునేది. ఆ కాసేపూ ఆమెకి ఏమీ కనబడదన్న ధీమాతో అతను కళ్ళారా చూసేవాడు. వారమంతా ఆ కాస్త చూపు కోసమే బతికేవాడు.

అంతలో ఆమెకి ప్రమోషన్ వచ్చింది. దూరపు ఊళ్ళో కొత్త బ్రాంచికి మేనేజరు.

"ఫ్రీజర్ ఖాళీ అయ్యాకే ప్రయాణం," అంది పెద్దమ్మ. "కొన్నది పారేసే వంశం కాదు మాది. బాబూ, నువ్వూ రోజూ భోజనానికి వచ్చెయ్. త్వరగా అయిపోతుంది."

త్వరగా అయిపోవడమే కదా అతని బాధ. ఒక్కో సంచీ బయటికి వస్తుంటే మిగిలినవి లెక్కపెట్టుకునేవాడు. వెళ్ళొద్దని చెప్పాలని రోజూ మెట్లు దిగేవాడు. సొంతంగా ఒక షాపు నడపాలని ఆమె ఎన్నాళ్ళుగా కలలు కంటోందో తెలుసు. మజ్జిగ తాగి పైకి వెళ్ళిపోయేవాడు.

విచిత్రం, ఫ్రీజర్ మాత్రం తరగడం లేదు.

"ఇదేం అక్షయపాత్ర పెద్దమ్మా!" అంది ఆమె, కుండపోతగా వాన కురుస్తున్న ఒక సాయంత్రం. నడుం దాకా వంగి అడుగున చెయ్యి పెట్టింది. రెండు చేతులతో లాగితే గానీ బయటికి రాలేదు. దిండంత ఆకుపచ్చ గడ్డ.

గుమ్మంలో తడిసిన గొడుగుతో అతను.

"ఇది నా చేతి పని కాదు," అంది ఆమె మెల్లగా. "ఈ ఊళ్ళో ఇంత తెలివిగా ఫ్రీజ్ చేసేవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు."

అతను నేల చూపులు చూశాడు.

"నువ్వు షాపుకెళ్ళాక కొత్త సంచులతో వస్తే తలుపు తీసింది నేనేనే," అంది పెద్దమ్మ లోపల్నుంచి. "ఆ మొహం చూడలేకపోయాను."

"వెళ్ళొద్దని ఒక్క మాట అనొచ్చుగా?" ఆమె అతని వైపు తిరిగింది.

"అంటే ఆగిపోతారేమోనని భయం. ఆగరేమోనని ఇంకా భయం."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకోసాగింది. అలవాటు కొద్దీ అతని కళ్ళు ఆమె మీదికే వెళ్ళాయి.

"చూశారా, మళ్ళీ అలాగే చూస్తున్నారు."

"మీకు... కనిపిస్తోందా?"

"నాకు దూరంగా ఉన్నవే మసకండీ. దగ్గరున్నవి కళ్ళజోడు లేకపోయినా శుభ్రంగా కనిపిస్తాయి. మీ చూపులు మొదటి ఆదివారం నుంచీ కనిపిస్తూనే ఉన్నాయి."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అయినా నేను ఆగను. ఆ షాపు నాకు కావాలి."

"మంచిదండీ," అన్నాడు.

"కానీ ఒక్కటి అడుగుతాను. ఆ ఊళ్ళో జనమంతా మేడల మీదికి మెట్లెక్కే పోతున్నారా? లిఫ్టులు లేవా? అవి పాడవ్వవా?"

అతను తెల్లమొహం వేశాడు.

"ఓరి ట్యూబ్‌లైటూ!" అంది పెద్దమ్మ. "రమ్మంటోందిరా. నాకైతే మనస్ఫూర్తిగా ఇష్టమే. ఇంక మీ అమ్మానాన్నలతో మాట్లాడాలి."

వెలిగింది. వెలిగాక ఏం చెయ్యాలో తెలియక, గడ్డ వైపు చూసి, "పైకెళ్ళి సుత్తి తెస్తాను," అన్నాడు.

"సుత్తి వద్దు. అలా వదిలేస్తే అదే కరుగుతుంది. నువ్వు కూర్చో."

ఆమె మొదటిసారి నువ్వు అంది. అతను కూర్చున్నాడు. బయట వాన, గట్టు మీద చుక్కా చుక్కా కారుతున్న గడ్డ.

"ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకూడదు కదా," అన్నాడు గడ్డ సగం కరిగాక.

"పెట్టనివ్వను," అంది ఆమె.